ఖడ్గము పోయినను కథ నిలిచినది

జపాను ప్రభుత్వము 1876లో సమురాయిలు బహిరంగముగా ఖడ్గము ధరించుటను నిషేధించెను. క్రమముగా ఆ వీరవర్గమే అంతరించినది. వారి కథ మాత్రము అంతరింపలేదు. 1945లో జపాను యుద్ధమునందు ఓడిన పిదప, అమెరికా ఆక్రమణాధికారులు ప్రభుభక్తిని, ప్రతీకారమును కీర్తించు ఖడ్గచిత్రములను అడ్డగించిరి. 1952లో ఆ ఆక్రమణ ముగిసెను.

1954లో వెలువడిన కురోసావా చిత్రము ‘ఏడుగురు సమురాయిలు’లో వీరులు పోరాడినది ప్రభువు కొరకు గాదు, అన్నము పెట్టిన రైతుల కొరకు. నలుగురు నేలకొరిగిరి, గెలుపు నాట్లు వేయు రైతులదే. కొబయాషి 1962లో తీసిన ‘హరాకిరి’ వీరధర్మము పేరిట సాగిన క్రౌర్యమును నిలదీసెను. టెలివిజనులో 1969 మొదలు 2011 వరకు సాగిన ‘మితో కోమోన్’ నాటకమున ఒక వృద్ధ ప్రభువు మారువేషమున తిరిగి, దీనులను పీడించు అధికారుల గర్వమణచును.

ఆయుధము చేతనున్నవాడు ఎవరి పక్షమున నిలువవలెను? ఈ ప్రశ్నకు కాలదోషము పట్టదు. కనుకనే ఆ కథలకును పట్టలేదు.