మంచాన పడితే ఎవరు చూస్తారు? మన బీమా వదిలేసిన ఖాళీ

యారాడ అంటే మీకు బీచే గుర్తొస్తుంది, రీల్స్‌లో చూసే ఉంటారు. ఆ కొండ ఎక్కడానికి సింధియా మీదుగా వెళ్తాం కదా, ఆ పేరు ఒక షిప్పింగ్ కంపెనీది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ అక్కడ ఓడల కర్మాగారానికి పునాది వేయించారు. పోర్టు అంతకుముందే, 1933లో మొదలైంది. స్టీల్ ప్లాంటుకి శంకుస్థాపన 1971లో. ఈ చుట్టుపక్కల ఊళ్లకి నెల జీతం, పీఎఫ్ అనే మాటలు అలా అలవాటయ్యాయి. ఆ జీతాలు తీసుకున్న చాలామంది ఇప్పుడు పెద్దవాళ్లైపోయారు. మీ నాన్నగారో అమ్మగారో మంచాన పడితే, స్నానం చేయించి బట్టలు మార్చే మనిషికి ఇచ్చే డబ్బు ఏ బీమా ఇస్తుంది?

ముందే చెప్పేస్తున్నా, మన దగ్గర దాదాపు ఏదీ ఇవ్వదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

తెలుగువాళ్లు బీమాలోకి ఆలస్యంగా ఏం రాలేదు. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1956లో దేశంలోని 245 జీవిత బీమా సంస్థల్ని కలిపేసి ఎల్‌ఐసీ చేశారు. వీళ్లు ముఖ్యంగా అమ్మింది ప్రాణానికి బీమా. తప్పు పట్టలేం. స్వాతంత్ర్యం నాటికి మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. (పసిపిల్లల చావులు ఎక్కువ కాబట్టే ఆ లెక్క అంత తక్కువ, అది వేరే సంగతి.) సంపాదించే మనిషి పోతే ఇల్లు గడిచేదెలా అన్నదే అప్పటి భయం. ఎనభై ఏళ్లు బతికి, పదేళ్లు మంచంలో ఉంటే ఎలా అని ఎవరూ లెక్క వేయలేదు.

తర్వాత 1986లో మెడిక్లెయిమ్ వచ్చింది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. మంచివే, కాదనను. కానీ ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రి ఖర్చుకే.

మీ ఇంట్లో హెల్త్ పాలసీ ఉంటే పీడీఎఫ్ తెరిచి ఎక్స్‌క్లూజన్ కోడ్ 05 వెతకండి. స్నానం, బట్టలు తొడగడం, నడిపించడం లాంటి సాయం ఇంట్లో చేసినా, నర్సు చేసినా, మామూలు మనిషి చేసినా డబ్బులు రావని అక్కడ రాసి ఉంటుంది. 'హోమ్ కేర్' కవర్ ఉందని ఏజెంట్ చెప్తే కంగారుపడి సంతకం పెట్టకండి. అది సాధారణంగా డాక్టర్ రాసిన చికిత్సని ఇంటి దగ్గర చేయడానికే. పనిమనిషికీ ఆయాకీ కాదు.

మరి ఇన్నాళ్లూ ఎలా గడిచింది? ఇంట్లో కోడలుందిగా, కూతురుందిగా అన్న ధీమాతో. ఆవిడకి జీతం లేదు, సెలవు లేదు. 2007లోనే తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చి పిల్లల్ని బాధ్యుల్ని చేసింది, కానీ ఆ బాధ్యతకయ్యే ఖర్చు ఎవరిదో చూడలేదు. జర్మనీ 1995లో, జపాన్ 2000లో ఈ సంరక్షణకే ప్రత్యేకంగా తప్పనిసరి బీమా పెట్టాయి. జపాన్‌లో 40 ఏళ్లు రాగానే అందరూ దానికి కట్టాల్సిందే. మనకి అలాంటిది లేదు.

అందుకని మీరు ఎంచుకోవాల్సి వస్తే, నా లెక్క ఇది. హాస్పిటల్ పాలసీ ఒకటి ఉండాలి. 65 దాటితే కొత్తది ఇవ్వరన్న నియమాన్ని 2024 ఏప్రిల్‌లో తీసేశారు, కానీ ముందు నుంచీ ఉన్న జబ్బులకి 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. దాని పక్కన క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ చూడండి. శాశ్వతంగా మిగిలిపోయే పక్షవాతం లాంటివి వస్తే ఒకేసారి మొత్తం ఇస్తారు. ఆ డబ్బుని ఆయాకి ఇచ్చుకున్నా ఎవరూ అడగరు. మతిమరుపు జబ్బు అన్నింటిలోనూ ఉండదు, పేరు పెట్టి అడగండి. ఏజెంట్ నోటిమాట కాదు, కాగితం మీద చూడండి. వీటికి తోడు, ముట్టుకోని డిపాజిట్ ఒకటి పక్కన పెట్టుకోవాలి. మనిషి జీతం వచ్చేది ఎక్కువగా అక్కడినుంచే.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకి 15,000 పింఛను ఇస్తోంది. వైద్యుల సర్టిఫికెట్ కావాలి, అర్హత నియమాలు ఉన్నాయి. సచివాలయంలో అడగండి.