అలాక్ సిన్నర్

అర్జెంటీనా రచయిత కార్లోస్ సంపాయో, చిత్రకారుడు హోసే మున్యోస్ కలిసి సృష్టించిన నలుపు తెలుపు నేర కామిక్ అలాక్ సిన్నర్. 1975లో ఇటలీ పత్రిక ‘ఆల్టెర్‌లినుస్’లో మొదలైంది. న్యూయార్క్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకు ఈడ్చే ఒక మాజీ పోలీసు ఇందులో కథానాయకుడు.

మున్యోస్ 1942లో బ్యూనస్ ఎయిరిస్‌లో పుట్టాడు. కామిక్ చిత్రకారుడు అల్బెర్తో బ్రెచ్చా దగ్గర బొమ్మలు నేర్చుకుని, 1960ల్లోనే ‘ప్రెసింతో 56’ అనే న్యూయార్క్ డిటెక్టివ్ కామిక్‌కు బొమ్మలు వేశాడు. 1972 చివర్లో యూరప్‌కు వచ్చేశాడు. 1974లో, స్పెయిన్‌లో, తనలాగే దేశం వదిలి వచ్చిన సంపాయో పరిచయమయ్యాడు. సిన్నర్ మొదలైన మరుసటి ఏడే, 1976 మార్చిలో, అర్జెంటీనా సైనిక పాలనలోకి వెళ్లింది. కథలు న్యూయార్క్‌లో నడిచినా, వాటిలో కమ్ముకున్న భయం ఆ ప్రవాసులు తమ దేశం నుంచి మోసుకొచ్చిందే అనిపిస్తుంది.

మొదటి కథ ‘వెబ్‌స్టర్ కేసు’లో రేమండ్ చాండ్లర్ నవలల ఛాయ బాగా ఉంది. కొద్ది కాలంలోనే కేసు పక్కకు జరిగి మనిషి ముందుకొచ్చాడు. తోటి పోలీసుల క్రూరత్వాన్ని, జాతి ద్వేషాన్ని భరించలేక ఉద్యోగం వదిలేశానని సిన్నర్ తాను రోజూ తాగే బార్ యజమాని జో దగ్గర చెప్పుకుంటాడు. తాగుతాడు, ఒంటరిగా కుమిలిపోతాడు, డబ్బు లేక టాక్సీ నడుపుతాడు. నేరస్థుడు దొరికినా అతనికి మనశ్శాంతి దక్కదు. అన్నిటికన్నా అరుదైన సంగతి, ఏళ్లు గడిచేకొద్దీ అతనూ ముసలివాడవుతాడు, కూతురు పెద్దదవుతుంది. ఎన్నేళ్లయినా వయసు మీదపడని కామిక్ వీరుల నడుమ ఇది సాహసమే.

మున్యోస్ గీతలో బూడిద రంగు షేడింగుకు చోటు తక్కువ. చిక్కటి సిరా మరకల మధ్య నుంచి వికృతమైన ముఖాలు పొడుచుకొస్తాయి. బొమ్మ గడి అంచున కనిపించే దారినపోయేవాళ్ల మాటలు కూడా వినిపిస్తాయి. నగరమంతా కథలోకి తోసుకొచ్చినట్టుంటుంది. ఒక కథలో రచయిత, చిత్రకారుడు స్వయంగా పాత్రలై సిన్నర్‌ను కలుస్తారు. జో బార్‌కు వచ్చిపోయేవాళ్ల బతుకులతో విడిగా మరో కథామాలిక కూడా పుట్టింది.

1983లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్ కామిక్స్ ఉత్సవంలో ఈ వరుసలోని ఒక ఆల్బమ్‌కు పురస్కారం వచ్చింది. 2007లో అక్కడే మున్యోస్ గ్రాండ్ ప్రీ అందుకున్నాడు. ఫ్రాంక్ మిల్లర్ కామిక్ ‘సిన్ సిటీ’లోని నలుపు తెలుపుల ఘర్షణకు మూలం ఇక్కడే ఉందని విమర్శకులు చాలాసార్లు రాశారు. ఆ పోలిక నిజమే. అయితే మిల్లర్ నాయకుల్లో బలం ఉంది; సిన్నర్‌లో ఉన్నది పశ్చాత్తాపం.