నాయనకు కుట్టిన బొంత

మనం బొంత అంటాం, మా పక్కింటి కన్నడవాళ్లు కౌది అంటారు, మరాఠీవాళ్లు గోధడి అంటారు. పని మాత్రం ఒకటే: పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి వరుసగా చేత్తో కుట్టుకుంటూ పోవడం.

1953 అక్టోబర్ 1న పాత బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి పోయినాయి, బళ్లారి మైసూరులో కలిసింది. మా అవ్వ పుట్టినిల్లు ఆదోని వైపు, మెట్టినిల్లు బళ్లారి. ఆమె పెట్టెలో రెండు వైపుల నేతా ఉండేది: ఇల్కల్ చీరలు, ఎమ్మిగనూరు దుప్పట్లు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టినారు.

నాయనకు డెబ్బై దాటినాయి, చలికి ఓర్చుకోలేరు. ఆ చీరలతోనే బొంత కుట్టిద్దామనుకున్నాం. కత్తెర పెడితే అవ్వ గుర్తు పోతుందని మేనత్త వద్దనింది. కానీ పెట్టెలో మడిచిపెట్టిన నూలు మడతల కాడే పిగులుతుంది. బొంతలో అయితే ఒక పొరను ఇంకో పొర పట్టుకుంటుంది, చిరిగిన చోట అతుకు వేసుకోవచ్చు. చివరికి అత్తే మొదటి వరుస కుట్టింది.

మేము బడిలో చదివింది కన్నడం. ఇంటి తెలుగు మాకు అవ్వ బొంతలో పడుకుని విన్న మాటల్లోనే వచ్చింది. మీ పెట్టెలు కూడా ఒకసారి తెరిచి చూడండి.