వేపేరి పశువైద్య విద్యయు, తమిళసీమ తెలుగువారి మందలును

పశుశాస్త్రమును విశ్వవిద్యాలయ పట్టమునకై చదువుట దక్షిణదేశమున ఇంకను నూరేండ్లు నిండని ముచ్చట. పశువులను పెంచుట యన్ననో, తమిళసీమకు తరలివచ్చిన తెలుగు కుటుంబములకు ఆ వలసయంత పాతది. ఈ రెండును ఎక్కడ కలిసినవో, ఎక్కడ కలియక విడిపోయినవో తెలియవలెనన్న చెన్నపురి వేపేరిని, హోసూరును ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

ఆంగ్లప్రభుత్వమునకు పశువులపై కలిగిన మొదటి శ్రద్ధ పోషణను గూర్చినది కాదు. రోగమును, దండు గుఱ్ఱములను గూర్చినది. ముసర వ్యాధి ఊళ్లకు ఊళ్లను గొడ్లు లేనివిగా చేయుచుండగా, దానిని విచారించిన సంఘము 1871లో నివేదిక నొసగెను. లాహోరున 1882లోను, బొంబాయిలో 1886లోను పశువైద్య కళాశాలలు వెలసెను. చెన్నపురికి ఆ భాగ్యము 1903 అక్టోబరు 1వ తేదీన గాని పట్టలేదు. వేపేరిలో డాబిన్ హాలను చిన్న కట్టడమున ఇరువదిమంది విద్యార్థులతో కళాశాల ప్రారంభమయ్యెను. డాబిన్ అనునది ఆంగ్లేయులు బండిగుఱ్ఱమునకు పెట్టుకొను ముద్దుపేరు. పశువైద్యశాలకు అంతకంటె తగిన పేరు దొరకదు!

మొదట అచట నొసగినది పట్టము కాదు, డిప్లొమా మాత్రమే. 1935-36లో కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమున చేరి, భారతదేశమున పశువైద్యమునకు పట్టము నొసగిన మొదటి కళాశాల యయ్యెను. ఉమ్మడి రాష్ట్రపు తెలుగు జిల్లాల యువకులకు ఈ విద్యకు వేపేరియే వాకిలి. నిజాము రాజ్యమున హైదరాబాదు కళాశాల 1946లో నేర్పడెను. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న అవతరించెను. సరిగా అదే దినమున వేపేరి కళాశాలకు ఏబదియేండ్లు నిండెను. 1955లో బాపట్లలో నెలకొల్పిన కళాశాల 1957లో తిరుపతికి తరలెను. ఆంధ్రదేశపు విద్యార్థులకు అటుపిమ్మట చెన్నపురితో పని తీరినది. తమిళసీమలోనే స్థిరపడిన తెలుగువారికి మాత్రము వేపేరియే మిగిలెను.

హోసూరు కథ వేరు. తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో వినవచ్చు ఆ ప్రాంతమున, మత్తిగిరి వద్ద 1824లో కుంపిణీవారు దండు గుఱ్ఱములకై ఒక క్షేత్రమును నెలకొల్పిరి. తరువాతి కాలమున అదియే ప్రభుత్వ పశుక్షేత్రముగా మారి గోజాతుల పరిశీలనకు నెలవయ్యెను. దక్షిణదేశపు పశుజాతులపై 1936లో వెలువడిన ప్రసిద్ధ గ్రంథమును రచించిన లిటిల్‌వుడ్ ఈ క్షేత్రమున అధికారిగా నుండినవాడే. రోగమును కుదుర్చు విద్య వేపేరిలో పెరుగగా, మేపు విద్య, ఈత విద్య, దూడను సాకు విద్య హోసూరు వంటి క్షేత్రములందు పెరిగినవి. పట్టపు చదువున ఈ రెండును ఒక్కటగుటకు చాలకాలము పట్టెను. నేడు ఆ పట్టము పేరుననే పశువైద్యమును, పశుపోషణమును జోడుగా నున్నవి. తుది సంవత్సరపు శిక్షణతో కూడ చదువు ఐదున్నర యేండ్లు.

పోషణను బోధించు పాఠమున విద్యార్థి మొదట నేర్చువానిలో పండ్లనుబట్టి వయసు చెప్పుట యొకటి. ఆవునకు ముందుపండ్లు క్రింది దౌడకే యుండును, అవి ఎనిమిది. రెండేండ్లు దాటిన వెనుక పాలపండ్లు జతజతగా రాలి, స్థిరమైనవి వచ్చును. ఇంచుమించు ఐదేండ్లకు ఎనిమిదియు నిండును. సంతలో తెలుగు రైతు 'రెండు పండ్ల గిత్త', 'ఆరు పండ్ల గిత్త' యని బేరమాడుట ఈ లెక్కయే. మూపురము, గంగడోలు, పొదుగు, గిట్టలు వీనిలో పరీక్షింపవలసిన గుణములకు కూడ అతనియొద్ద మాటలున్నవి. సుళ్ల శుభాశుభములను మాత్రము కళాశాల తోసిపుచ్చెను. ఆ విషయమున కళాశాలదే న్యాయము.

ఉడుమలపేట ప్రాంతపు రాజకంబళ నాయకులు ఇంట తెలుగు మాటాడుదురు. సంక్రాంతి దినములలో పుట్టిన కోడెదూడను దైవమునకు విడిచి, ఉరుమి వాద్యమునకు అడుగు వేయునట్లు దానిని మచ్చిక చేయుదురు. పాఠ్యపుస్తకము పశువును బెదరకుండ అదుపున నుంచుటను గూర్చి ఒక అధ్యాయమును కేటాయించును. వీరు దానిని వెదురుకఱ్ఱతోను, ఓర్పుతోను తరతరములుగా సాధించిరి. దీనిని ఆటపాటలలో చేర్చి వ్రాసినవారు కలరు గాని పశుపోషణలో చేర్చి వ్రాసినది అరుదు.

లోపమెల్ల ఇచ్చటనే యున్నది. ఇట్టి కుటుంబముల బిడ్డ పశువైద్య కళాశాలలో చేరినచో, పరీక్ష ఆంగ్లమున వ్రాయును, రైతుతో తమిళమున మాటాడును. అవ్వ నోట విన్న గాలికుంటు, జబ్బవాపు, గొంతువాపు అను మాటలకు ఆ రెంటను చోటుండదు. ఆ మాటలు వట్టి పేర్లు కావు. జబ్బవాపు అన్నంతనే వాపు ఎచట చూడవలెనో తెలియును. గొంతువాపు అన్నంతనే గొడ్డునకు ఊపిరి ఆడనిది ఎందుకో తెలియును. ముసర వ్యాధి భారతదేశమున అంతరించినట్లు 2006లో ప్రకటింపబడెను, 2011లో లోకమంతటను. వ్యాధి పోవుట మేలే. దానిని కన్నులార చూచి, వాడలో గొడ్లను వేరుచేసి కట్టిన వృద్ధులు హోసూరు పల్లెలలో ఇంకను కొందరుండగా, వారి నోటి మాటలను వ్రాసి పెట్టు పని వారి యింటనే పుట్టి పట్టము పొందిన పశువైద్యులకే సుకరము.