రెండు తలల పాము

రెండు తలల పాము విషం లేని, ఎక్కువ కాలం నేలలో దాగి జీవించే ఒక పాము. దీని శాస్త్రీయ నామం ఎరిక్స్ జానీ. ఇరాన్, పాకిస్తాన్, భారతదేశాల్లోని మెట్ట ప్రాంతాలలో ఇది నివసిస్తుంది. పేరులో రెండు తలలు ఉన్నా దీనికి ఉన్నది ఒక్క తలే. మొద్దుగా, గుండ్రంగా ఉండే తోక చూసేవారికి రెండవ తలగా భ్రమ గొలుపుతుంది. మన పాములలో ఇంత సాధువైనది మరొకటి లేదని చెప్పవచ్చు. పట్టుకుంటే కరవడం అరుదు, పారిపోవడం చేతకాదు. ఈ గుణం వల్లనే పాములవాళ్ల బుట్టలలోకి, తరువాత దొంగ వ్యాపారుల సంచులలోకి చేరింది. ఇంట్లో పెంచుకోవచ్చునా అని విద్యార్థులు తరచుగా అడిగే పాము కూడా ఇదే కనుక ఈ వ్యాసంలో దాని స్వభావం, పట్టుకునే పద్ధతి, పెంపకం గురించి కొంత వివరంగా ఇవ్వబడినది.

పేర్లు

తెలుగులో రెండు తలల పాము అన్న పేరే వాడుకలో ఎక్కువ. కదలక మెదలక కూర్చున్న మనిషిని "మన్ను తిన్న పాములా పడి ఉన్నాడు" అనడం మన జాతీయం. మట్టిలో మూతి దూర్చి గంటల తరబడి కదలకుండా ఉండే ఈ పామును చూసినవారికి ఆ మాట ఎలా పుట్టి ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. నిజానికి ఏ పామూ మన్ను తినదు.

ఈ పాముకు శాస్త్రీయంగా పేరు పెట్టిన పాట్రిక్ రస్సెల్ (1726 - 1805) తెలుగుదేశానికి పరిచితుడే. విశాఖపట్నంలో ఉండి ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన ఈ స్కాట్లాండు వైద్యుడు 1796లో కోరమాండల్ తీరపు పాములపై గ్రంథం వెలువరించాడు. అందులో చాలా పాములను స్థానికులు పిలిచే తెలుగు పేర్లతోనే నమోదు చేశాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో నేటికీ రస్సెల్ పేరే ఉంది. రెండు తలల పామును ఆయన 1801లో వర్ణించి, తరంగంబాడిలో ఉండిన జర్మన్ మతబోధకుడు, ప్రకృతి పరిశీలకుడు క్రిస్టాఫ్ శామ్యూల్ జాన్ పేర జానీ అని నామకరణం చేశాడు.

శరీర లక్షణాలు

పెద్ద పాము సాధారణంగా ఒక మీటరుకు మించదు. శరీరం కర్రలా గుండ్రంగా, తల నుండి తోక వరకు ఇంచుమించు ఒకే లావుగా ఉంటుంది. తలకు, మెడకు తేడా కనిపించదు. మూతి చీలలాగా పలుచబడి మట్టిని తవ్వడానికి అనువుగా ఉంటుంది. కళ్ళు మిక్కిలి చిన్నవి, కనుపాప నిలువుగా ఉంటుంది. పొలుసులు చిన్నవి, నున్ననివి. రంగు ఎరుపు కలిసిన గోధుమ వర్ణం నుండి మట్టి రంగు వరకు మారుతుంది. పిల్లలు నారింజ ఎరుపులో ఉండి తోక వైపు నల్లని పట్టీలు కలిగి ఉంటాయి, వయసుతో అవి మాసిపోతాయి. ఈ పాము గుడ్లు బయట పెట్టదు. గుడ్లు తల్లి గర్భంలోనే పొదగబడి పిల్లలు పుడతాయి. ఒక ఈతలో 14 వరకు పిల్లలు పుట్టవచ్చు.

ఇదే ప్రజాతికి చెందిన ఎరిక్స్ కోనికస్ అనే మరొక పాము కూడా మన ప్రాంతంలో ఉంది. దానికి ఒంటిపై పెద్ద పెద్ద మచ్చలు, గరుకైన పొట్టి తోక ఉంటాయి. అది రక్తపింజరను పోలి ఉంటుంది. ఈ పోలిక వల్ల రెండు రకాల నష్టం జరుగుతుంది. రక్తపింజర అనుకొని విషం లేని పామును చంపుతారు, విషం లేనిది అనుకొని రక్తపింజరను చేతితో పడతారు. రెండవది ప్రాణాంతకం.

నివాసం

వదులుగా ఉండే ఇసుక నేలలు, ఎర్ర నేలలు, ముళ్ళపొదలు గల బీళ్ళు దీనికి ఇష్టమైన చోట్లు. నల్గొండ జిల్లాలో హాలియా పరిసరాలను ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. అనుముల మండలానికి కేంద్రమైన ఈ ఊరు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతంలోనిది. 1967లో సాగర్ కాలువలకు నీరు విడుదలయ్యాక కాలువ కింది భూములు వరి మళ్ళుగా మారాయి. నీరు ఎక్కని ఎత్తు నేలలు, గుట్టల అంచులు, దేవరకొండ వైపు చెల్కలు మెట్టగానే మిగిలాయి. నీటి మడిలో జెర్రిపోతు, నీరుకట్టె వంటివి ఉంటాయి. రెండు తలల పాముకు ఎప్పుడూ తడిగా ఉండే నేల సరిపడదు, చెల్కలే కావాలి. దుక్కి దున్నేటప్పుడు, వేరుశనగ పీకేటప్పుడు, మట్టి తవ్వకాలలో ఇది బయటపడుతుంది.

దీని ముఖ్య ఆహారం ఎలుకలు. సాయంకాలం, రాత్రి వేళల్లో బయటకు వచ్చి, లేదా కలుగులోనే పొంచి ఉండి, ఎరను చుట్టుకొని ఊపిరాడకుండా చేసి మింగుతుంది. కలుగులోకి దూరి ఎలుక పిల్లలను తినగలగడం దీని ప్రత్యేకత. పిల్లికి గానీ గుడ్లగూబకు గానీ అది సాధ్యం కాదు. వేరుశనగ, జొన్న, కంది పండించే రైతుకు ఇది కూలి అడగని కాపలాదారు.

స్వభావం, పట్టుకోవడం

బెదిరినప్పుడు ఈ పాము బుస కొట్టదు, పడగ విప్పదు. శరీరాన్ని ఉండగా చుట్టుకొని తలను మధ్యలో దాచి, తోకను పైకెత్తి మెల్లగా కదుపుతుంది. శత్రువు తోకనే తల అనుకొని దాడి చేస్తే అసలు తల దక్కుతుంది. అందుకే అడవిలో దొరికే పాములలో కొన్నింటి తోకపై గాయాల మచ్చలు కనిపిస్తాయి. ఇది దాని ఆత్మరక్షణ మాత్రమే, మనిషిపై మక్కువ కాదు. చేతిలో కదలకుండా ఉన్న పామును "అలవాటు పడింది" అనుకోవడం పొరపాటు. చాలా సందర్భాల్లో అది భయంతో ముడుచుకొని ఉన్నదే.

పాములను పట్టడంలో శిక్షణ పొందినవారు దీనిని కొన్ని నియమాలతో ఎత్తుతారు. ముందుగా అది రక్తపింజర కాదని, చిన్నపింజర కాదని నిర్ధారించుకుంటారు. సందేహం ఉంటే చేయి పెట్టరు, కొక్కెపు కర్ర వాడతారు. ఎత్తేటప్పుడు శరీరం మొత్తానికి ఆధారం దొరికేలా రెండు చేతులపై ఆనించుకుంటారు. తోక పట్టి వేలాడదీయరు, ఎందుకంటే బరువైన శరీరం వల్ల వెన్నుపూసలు దెబ్బతింటాయి. మెడను నొక్కి పట్టరు. ఆహారం మింగిన పామును కదిపితే కక్కివేస్తుంది, అది దానికి పెద్ద నష్టం. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలిపోతాయి. ఆ రోజుల్లో చూపు మందగించి చిరాకుగా ఉంటుంది, అప్పుడు సాధువైన పాము కూడా కరుస్తుంది. ఈ కాటుతో విషప్రమాదం లేదు, చిన్న గాయాన్ని సబ్బుతో కడిగితే చాలు. కానీ కరిచిన పాము ఏదో తెలియనప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను. పాములు సాల్మొనెల్లా క్రిములను మోస్తాయి కనుక తాకిన తరువాత చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

పాములవాళ్లు ఈ పామును ఆడించిన తీరు బాధాకరమైనది. రెండు తలలు నిజమేనని నమ్మించడానికి తోకకు గాట్లు పెట్టి, వాతలు వేసి కళ్ళు, నోరు ఉన్నట్లు చేసేవారు. ఆరు నెలలు ఒక తల, ఆరు నెలలు మరొక తల పనిచేస్తుందనే కథ ఆ ప్రదర్శనలకు తోడు.

పెంపకం

జంతు ప్రదర్శనశాలల్లో ఈ జాతిని ఉంచే పద్ధతి క్లిష్టమైనది కాదు. అడుగున లోతుగా వదులు ఇసుక, ఒక వైపు వెచ్చగా మరొక వైపు చల్లగా ఉండే ఏర్పాటు, దాగడానికి చోటు, చిన్న నీటి పాత్ర, వారం పది రోజులకు ఒక ఎలుక సరిపోతాయి. తేమ పెరిగితే చర్మానికి జబ్బు వస్తుంది. గాజు పెట్టెలో ఇసుక లేకుండా ఉంచిన పాము రోజంతా మూతితో గోడలను తోస్తూ మూతికి పుండు చేసుకుంటుంది. దొరికిన పామును ఇళ్ళలో డబ్బాలో దాచేవారు ఈ అవసరాలు వేటినీ పట్టించుకోరు.

అమెరికా, ఐరోపా దేశాల్లో పాముల పెంపకం ఒక వ్యాపకం. అమెరికాలోని టెక్సాస్, న్యూ మెక్సికో, మెక్సికో దేశాల్లో విస్తరించిన చివావా ఎడారిలో పెద్ద కళ్ళు గల ఒక ఎలుకపాము ఉంది. బోగర్టోఫిస్ సబ్‌ఆక్యులారిస్ అనే ఆ పామును ఆర్థర్ ఎర్విన్ బ్రౌన్ 1901లో వర్ణించాడు. వీపుపై ఇంగ్లీషు హెచ్ అక్షరం వంటి గుర్తులు ఉంటాయి, రాత్రివేళ సంచరిస్తుంది, చేతిలో నెమ్మదిగా ఉంటుంది. తరతరాలుగా పెంపకంలోనే పుట్టిన పిల్లలు అక్కడ దొరుకుతాయి. అంతర్జాలంలో ఆ బొమ్మలు చూసి మన చెల్కలోని పామును కూడా అలాగే పెంచవచ్చని అనుకోరాదు. మన దేశంలో చేతికి వచ్చే రెండు తలల పాము పెంపకంలో పుట్టినది కాదు, పొలం నుండి ఎత్తుకువచ్చినదే. మన జెర్రిపోతును కూడా ఎలుకపాము అంటారు గానీ దాని గుణం పూర్తిగా వేరు. అది మెరుపులా పరుగెత్తుతుంది, పట్టుకుంటే మెడ ఉబ్బించి గట్టిగా కరుస్తుంది.

అపోహలు, అక్రమ వ్యాపారం

ఈ పాము నాకితే కుష్ఠు వస్తుందని పల్లెల్లో ఒక నమ్మకం ఉండేది. అది నిరాధారం. ఆ భయం పామును చంపించింది, ఇప్పటి ఆశ దానిని అమ్మిస్తున్నది. ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని, గుప్తనిధులు చూపుతుందని, ఎయిడ్స్‌కు మందు అని, విదేశాల్లో కోట్లు పలుకుతుందని దళారులు ప్రచారం చేస్తారు. వీటిలో ఒక్కదానికీ శాస్త్రీయ ఆధారం లేదు. వ్యాపారంలో దీనికి "డబుల్ ఇంజన్" అని సంకేతనామం. బరువును బట్టి ధర కడతారు గనుక బరువు పెంచడానికి బలవంతంగా మేపడం, లోహపు గుళికలు మింగించడం వంటి క్రూర పనులు బయటపడ్డాయి. చివరి కొనుగోలుదారు ఎవరన్నది ఎక్కడా తేలదు. ఒకరు మరొకరికి, ఆ మరొకరు ఇంకొకరికి అంటగట్టడమే ఈ వ్యాపారం. బియ్యాన్ని ఆకర్షించే చెంబు పేరిట జరిగే మోసానికి, దీనికి తేడా సరుకులోనే. చెంబుకు ప్రాణం లేదు.

ఐ.యు.సి.ఎన్. జాబితాలో ఈ జాతి ప్రమాదానికి చేరువలో ఉన్న వర్గంలో ఉంది. అంతర్జాతీయ వాణిజ్యంపై సైట్స్ ఒప్పందం రెండవ అనుబంధం కింద నియంత్రణ ఉంది.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వేట అంటే చంపడం మాత్రమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. రెండు తలల పామును పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలు, జైలుశిక్ష పడవచ్చు. మొదట ఈ పాము నాలుగవ షెడ్యూలులో ఉండేది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చి షెడ్యూళ్ళను ఆరు నుండి నాలుగుకు తగ్గించి, జరిమానాలను పెంచింది. "మేము చంపలేదు, పెంచుకుంటున్నాము" అన్న సమాధానం చట్టం ముందు చెల్లదు.

పొలంలో కనిపించినప్పుడు

చెల్కలో కనిపిస్తే అక్కడే వదలివేయడం ఉత్తమం. అది కొద్ది సేపటిలో మట్టిలోకి దూరిపోతుంది. ఇంటిలోకి, బావిలోకి వచ్చినప్పుడు అటవీశాఖ వారికి గానీ, వారి అనుమతితో పనిచేసే పాముల రక్షకులకు గానీ తెలియజేయవలెను. హైదరాబాదులో 1995లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఇటువంటి సేవ చేస్తున్నది. పట్టిన పామును దొరికిన చోటుకు దగ్గరలోనే వదలడం మంచిది, తెలియని నేలలో వదిలితే కలుగులు, ఎర ఎక్కడ ఉన్నవో తెలియక తిరిగి తిరిగి రోడ్లపై చనిపోయే ప్రమాదం ఉంది. వ్యాపారుల వద్ద స్వాధీనమైన పాముల విషయంలో ఇది కష్టం. అవి ఏ ఊరి చెల్క నుండి వచ్చాయో చెప్పేవారు ఉండరు, పైగా కేసులో సాక్ష్యం గనుక న్యాయస్థానం ఉత్తర్వు వచ్చేవరకు వాటిని వదలడానికి వీలుండదు.