అబ్బాజాన్ టైపు మిషన్



మా అబ్బాజాన్ ముందు ఉదయగిరిలో, తర్వాత ఆత్మకూరులో అర్జీలు టైపు కొట్టేవారు. ఆయన గోద్రెజ్ తెలుగు మిషన్ ఇరవై ఏళ్లుగా అటక మీదే ఉంది. పోయిన రంజాన్‌కు ఇల్లు సర్దుతూ పాత ఇనుముకు వేసేద్దామన్నారు ఇంట్లో. నా దిల్ ఒప్పుకోలేదు.

మన ముల్క్‌లో తయారైన తొలి టైపు మిషన్‌ను 1955లో గోద్రెజ్ కంపెనీ తెచ్చింది. 1966లో అధికార భాషల చట్టం వచ్చాక ఆఫీసుల్లో తెలుగుకు హోదా పెరిగింది. గుణింతాలూ వత్తులూ అన్నీ నలభై చిల్లర మీటల్లో ఇమిడ్చారు. కొన్ని మీటలు నొక్కితే అచ్చు పడుతుంది గానీ బండి కదలదు. తర్వాతి అక్షరం దానితో జత కడుతుంది.

ఉర్దూకు ఆ నసీబ్ లేదు. నస్తలీఖ్‌లో హర్ఫ్ పక్క హర్ఫ్‌ను బట్టి రూపు మార్చుకుంటూ ఏటవాలుగా దిగుతుంది. ఒకే గీత మీద కొట్టే మిషన్‌కు అది లొంగదు. అందుకే ఉర్దూ మిషన్లు నస్ఖ్‌లో వచ్చాయి. 1927లో మద్రాసులో మొదలైన 'ది ముసల్మాన్' పత్రికను కాతిబ్‌లు దశాబ్దాల పాటు చేత్తోనే రాశారు. మీర్జా అహ్మద్ జమీల్ తయారుచేసిన నూరీ నస్తలీఖ్‌తో 1981లో గానీ పత్రికలకు ఆ మెహనత్ తప్పడం మొదలవలేదు. మా ఇంట్లోనూ అంతే. ఖత్‌లు చేత్తో ఉర్దూలో, అర్జీలు మిషన్ మీద తెలుగులో.

మరమ్మతుకు కూర్చుంటే, అక్షరాల కడ్డీలు పాత నూనె, దుమ్ము కలిసి బిగుసుకుపోయి ఉన్నాయి. బ్రష్‌తో పెట్రోలు పట్టించి కడిగాను. మళ్లీ నూనె వేయలేదు, వేస్తే దుమ్ము తిరిగి పడుతుంది. రోలరు తిప్పే పిడి విరిగిపోయింది. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే మన బెహన్ ఒకామె నర్ది చెక్కతో కొత్తది చేసిచ్చింది. పైసలిస్తే తీసుకోలేదు.

"మా అమ్మీ పింఛను అర్జీ మీ అబ్బానే కొట్టారు భాయ్. నకలు ఉందేమో చూడండి" అంది.

మిషన్ పక్కనే పాత రేకు పెట్టె నిండా కార్బన్ నకళ్లు. రెండు రాత్రులు వెతికాను. దొరికింది, అల్హందులిల్లాహ్. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. వాళ్లింట్లో అమ్మీ పేరున్న కాగజ్ ఇంకేదీ లేదట.

అప్పటిదాకా నేను మిషన్నే తారీఖ్ అనుకున్నాను. అసలు తారీఖ్ ఆ పెట్టెలో ఉంది. మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే, చెత్తలో వేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. ఎవరి అమ్మీ పేరు ఉందో.