తీరిక జీవనం

తీరిక జీవనం అనగా ఎక్కువ సంపాదనకు అవకాశం ఉన్నప్పటికీ పనిగంటలను తగ్గించుకొని, ఆ మేరకు తక్కువ ఆదాయంతో సరిపెట్టుకొనే జీవన విధానం. పని దొరకక ఖాళీగా ఉండుట దీని కిందికి రాదు. ఆశయం కోసం వృత్తిని వదలుకొనుట కూడా వేరే విషయమే. మచిలీపట్నంలో వైద్యవృత్తిని వదలి జాతీయోద్యమంలో చేరిన భోగరాజు పట్టాభి సీతారామయ్య (1880-1959) ఆదాయాన్ని వదలుకున్నది తీరిక కోసం కాదు, అంతకంటే ఎక్కువ పని కోసం.

ఆర్థిక శాస్త్రంలో

కూలి రేటు పెరిగితే మనిషి ఎక్కువ గంటలు పనిచేస్తాడన్నది సాధారణ సూత్రం. అయితే ఒక స్థాయి దాటిన తరువాత కొందరు అదే ఆదాయాన్ని తక్కువ గంటలలో సంపాదించి, మిగిలిన కాలాన్ని తమకు ఉంచుకుంటారని కూడా ఈ శాస్త్రం అంగీకరిస్తుంది. రష్యన్ ఆర్థికవేత్త అలెగ్జాండర్ చయనోవ్ 1925లో వెలువడిన తన గ్రంథంలో రైతు కుటుంబాల గురించి ఇటువంటి వాదననే చేశాడు. కుటుంబ అవసరం తీరేకొద్దీ అదనపు ఫలసాయంపై ఆశ తగ్గుతుంది, శ్రమ భారం మాత్రం పెరుగుతుంది. ఆ రెండూ సమానమైన చోట రైతు పని ఆపుతాడని ఆయన సిద్ధాంతం. నూరేళ్ళలో వారానికి 15 గంటల పని సరిపోతుందని జాన్ మేనార్డ్ కీన్స్ 1930లో ఊహించాడు. సంపన్న దేశాలలో ఆదాయాలు బాగా పెరిగినా పనిగంటలు అంతగా తగ్గలేదు.

దివిసీమలో

కృష్ణానది పాయల మధ్య, సముద్రాన్ని ఆనుకొని ఉన్న దివిసీమలో కోడూరు ఒక మండల కేంద్రం. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ డెల్టాలో వరిసాగు స్థిరపడింది. ఇక్కడివి కాలువల శివారు భూములు. నీరు ఆలస్యంగా వస్తుంది, ఒక్కొక్కప్పుడు చాలదు.

సార్వాలో వరి నాట్లు వేసి, కార్తీక, మార్గశిర మాసాలలో కోతలు కోస్తారు. కోతకు కొద్దిరోజుల ముందు, నిలిచి ఉన్న వరిలోనే మినుములు చల్లుట డెల్టా రైతుల పాత పద్ధతి. దానికి దుక్కి అక్కరలేదు, నీరు పెట్టనక్కరలేదు. నేలలో మిగిలిన తేమతోను, మంచుతోను పైరు పెరుగుతుంది. ఇంత తక్కువ శ్రమతో చేతికి వచ్చే పంట మరొకటి అరుదు. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సాగర సంగమ స్నానాలు జరిగేనాటికి వరి పని ముగిసి ఉంటుంది. మినుము తీసిన తరువాత కాలువలకు నీరు వదిలేవరకు పొలంలో పెద్దగా పని ఉండదు. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, నాటకాలు ఈ వేసవి కాలానివే.

ఈ తీరికకు పోటీగా వచ్చినది రొయ్యల సాగు. 1990 దశకంలో టైగర్ రొయ్య వ్యాపించింది, తెల్లమచ్చ వైరస్‌తో దెబ్బతిన్నది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి లభించిన తరువాత సాగు తిరిగి విస్తరించింది. పంట బాగా వస్తే వరి ఎన్నో ఏళ్ళకు ఇవ్వలేని డబ్బు ఒక్క పంటలో రావచ్చు. కాని చెరువుకు సెలవు లేదు. రోజుకు పలుమార్లు మేత వేయాలి, చెక్ ట్రేలు ఎత్తి చూడాలి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది కనుక రాత్రివేళ ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోయి, జనరేటరు కూడా మొరాయిస్తే కొద్ది గంటలలోనే చెరువంతా చచ్చిపోవచ్చు. నాలుగు నెలలపాటు గట్టుమీద పాకలోనే కాపలా. సొంత భూమి గల రైతు తక్కువ ఆదాయమైనా వరిలోనే ఉండిపోతే, లోకం దానిని చేతకానితనం అనవచ్చు. చయనోవ్ లెక్క ప్రకారం అది తెలివైన బేరమే.

అయితే ఈ ఎంపిక ఒక్కడి చేతిలో ఉండేది కాదు. చుట్టూ ఉప్పునీటి చెరువులు తవ్వితే మధ్యనున్న వరిచేను చౌడుబారుతుంది. అప్పుడు వరి రైతు కూడా చెరువు తవ్వాలి, లేదా భూమిని లీజుకు ఇచ్చివేయాలి. లీజుకు ఇచ్చినవాడికి ఆదాయమూ తీరికా రెండూ దక్కుతాయి. నిద్రలేని రాత్రులు లీజుదారుకు, కాపలా కూలీకి మిగులుతాయి. తీరప్రాంత నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులను తొలగించవలసిందిగా సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు చేసిన తీరప్రాంత జలసాగు ప్రాధికార సంస్థ చట్టం రిజిస్ట్రేషన్ విధానంతో ఈ సాగుకు మళ్ళీ దారి ఇచ్చింది.

ఎవరికి సాధ్యం

సొంత పొలం, అప్పులేని ఇల్లు ఉన్నవారికే తీరిక ఒక ఎంపిక. కౌలు రైతు పంట పండినా పండకున్నా కౌలు చెల్లించాలి. వ్యవసాయ కూలీకి వేసవి అంటే పని లేని కాలం, వలస కాలం. రైతుకు తీరికైన నెలలే కూలీకి పస్తులు. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఏడాదికి 100 రోజుల పని కల్పించదలచినది ఇటువంటి కుటుంబాలకే. ఉద్యోగం మాని పల్లెకు తిరిగివచ్చే పట్టణవాసులను కూడా ఈ దృష్టితోనే చూడాలి. చాలాసార్లు వారి తీరికకు ఆధారం పొలం కాదు, బ్యాంకులోని పొదుపు.

చట్టాలు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొదటి ఒడంబడిక పరిశ్రమలలో రోజుకు 8 గంటల పనిని నిర్దేశించింది. భారతదేశపు 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. ఇవి యజమాని చేయించగల పనికి హద్దులే. కార్మికుడు తానుగా పని తగ్గించుకొనే హక్కు వీటిలో లేదు. నెదర్లాండ్స్ 2000లో చేసిన చట్టంతో ఉద్యోగి జీతం తగ్గినా సరే పనిగంటలు తగ్గించమని కోరవచ్చును. యజమాని నిరాకరించాలంటే తగిన కారణం చూపాలి.